ఓటీపీ రాకుండనే చెల్లె అకౌంట్ ఎట్ల పోయింది, ఇప్పుడు ఆ లాప్‌టాప్‌ని ఏం చెయ్యాలె

తమ్మీ, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. మీది హాలియా, నాయినకు ఎరువుల దుకాణం, బిల్లులు జీఎస్టీ అన్నీ ఆ లాప్‌టాప్‌లనే, చెల్లె బీటెక్ ప్రాజెక్టు గూడ దాంట్లనే. పదిహేను రోజుల కింద యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింకు నుంచి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దించినవు, జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉండె, విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ బంద్ చెయ్యమంటే చేసినవు, తీరా సాఫ్ట్‌వేర్ ఓపెన్ కాలేదు, వదిలేసినవు. ఇప్పుడు చెల్లె ఇన్‌స్టా నుంచి ఎవరో క్రిప్టో పోస్టులు పెడుతున్నరు, టూ స్టెప్ పెట్టుకున్నా ఓటీపీ అయితే రానే లేదు, ఏ యాంటీవైరస్ కొనాలె అన్నా అని అడిగినవు.

యాంటీవైరస్ సంగతి చివర్ల చెప్త, దానికి ఇప్పుడు తొందర లేదు. ముందుగాల ఆ లాప్‌టాప్‌కి వైఫై బంద్ చెయ్యి, ఫోన్ హాట్‌స్పాట్ గూడ ఇయ్యకు, దాంట్ల ఇంక ఒక్క పాస్‌వర్డ్ గూడ కొట్టకు, పాత పాస్‌వర్డ్ మార్చనీకి గూడ కొట్టకు. రెండు మూడు రోజులు బ్యాంకు పని దాంట్ల చెయ్యొద్దని నాయినకు చెప్పు. ఈ పని చేసొచ్చి మిగతాది చదువు.

ఓటీపీ లేకుండ అకౌంట్ ఎట్ల పోయిందో అర్థమైతే మిగతాది నీకే తెలుస్తది. నువ్వు జీమెయిల్‌ల గానీ ఇన్‌స్టాల గానీ లాగిన్ అయితే పాస్‌వర్డ్ అడుగుతది, ఓటీపీ అడుగుతది, రెండూ సరిపోయినంక నీ బ్రౌజర్‌కు ఒక కుకీ ఇస్తది. మార్కెట్ యార్డుకు ధాన్యం ట్రాక్టర్ పోతే గేటు కాడ ఒకసారి చూసి చిట్టీ రాసిస్తరు గదా, ఇగ లోపల ఎవరడిగినా ఆ చిట్టీ చూపిస్తే సాలు, మళ్ల మొదటి నుంచి ఎవ్వరూ అడగరు. కుకీ గూడ అసొంటిదే. రోజూ పొద్దుగాల బ్రౌజర్ తెరవంగనే మెయిల్ తెరుచుకుంటది, పాస్‌వర్డ్ అడగది, ఆ చిట్టీ నీ హార్డ్ డిస్క్‌ల ఉన్నది కాబట్టే. దాన్ని ఎవడన్న కాపీ కొట్టి తన బ్రౌజర్‌ల పెట్టుకుంటే వెబ్‌సైటుకు వాడే నువ్వు. ఓటీపీ అడిగే కాడికి వాడు రానే రాడు, గేటు దాటి లోపల ఉన్నడు.

నువ్వు నడిపిన ఫైలు లక్షణాలన్నీ ఇన్ఫోస్టీలర్ లక్షణాలే. మనకు తెలియకుండ మన సంగతులు ఎత్తుకపోయే సాఫ్ట్‌వేర్‌ని స్పైవేర్ అంటరు, దాంట్ల ఇదొక రకం, ఇప్పుడు ఎక్కువ నడిచేది గూడ ఇదే. జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెడతరంటే లోపల ఏమున్నదో బ్రౌజర్‌కు, యాంటీవైరస్‌కు కనపడొద్దని, అంతకు మించి ఇంకో కారణం లేదు. సాఫ్ట్‌వేర్ ఓపెన్ కాలేదన్నవు, దాని పని అది చేసుకొని పోయింది. బ్రౌజర్‌ల సేవ్ చేసిన పాస్‌వర్డులు, కుకీలు, ఆటోఫిల్‌ల ఉన్న అడ్రసులు కార్డు నంబర్లు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, ఒక స్క్రీన్‌షాట్, అన్నీ మూట గట్టి నిమిషాల్ల పంపిస్తది. కొన్నయితే పంపినంక తమను తామే చెరిపేసుకుంటయి, అందుకే తర్వాత స్కాన్ చేస్తే ఏం దొరకదు, మనమేమో క్లీన్ అని వచ్చింది కాబట్టి ఏం కాలేదు అనుకుంటం. క్రోమ్ 2024ల కుకీలకు కొత్త తాళం ఏసింది, యాప్ బౌండ్ ఎన్‌క్రిప్షన్ అంటరు, కొన్ని వారాలల్లనే స్టీలర్లు తయారుచేసేటోళ్లు దానికి గూడ దారి వెతుక్కున్నరు.

ఇది మీ ఒక్క ఇంటి ముచ్చట కాదు. లుమ్మా అనే ఒక్క స్టీలర్‌తోనే 2025 మార్చి 16 నుంచి మే 16 దాకా, అంటే రెండు నెలల్ల, ప్రపంచం మొత్తం మీద 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు సోకిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది, ఆ మే నెలలనే కోర్టు ఆర్డర్ తీసుకొని, వేరే దేశాల పోలీసులతోని కలిసి, అది వాడే డొమైన్లు వేల సంఖ్యల మూయించిన్రు. అంతకు ముందు 2024 అక్టోబర్‌ల రెడ్‌లైన్, మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కాదు) అనే రెండు స్టీలర్ల సర్వర్లను నెదర్లాండ్స్ పోలీసులు, అమెరికా ఎఫ్‌బీఐ కలిసి పట్టుకున్నరు. అయినా ఆగలేదు, ఈ స్టీలర్లను నెలకింత అని కిరాయికి ఇస్తరు, ఎత్తుకొచ్చిన లాగిన్లను వేరేటోళ్లకు అమ్ముకుంటరు, చెల్లె అకౌంట్ల పోస్టులు పెట్టేటోడు నీ లాప్‌టాప్‌ల దొంగతనం చేసినోడు కాకపోవచ్చు, కొనుక్కున్నోడు కావచ్చు. కాబట్టి చెల్లెను ఏమన్న అనకు, ఆమె ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, నమ్ము.

ఇప్పుడు వరుస. నేను నల్లగొండల ఈ రిపేరు పని షురూ చేసి ఇరవై ఏండ్లయితున్నది, దీంట్ల నేను చేసిన పెద్ద తప్పు వరుస తప్పడమే, అందుకే నీకు ఇంత గట్టిగ చెప్తున్న. నకిరేకల్ దిక్కు నుంచి ఒక రిటైర్డ్ సారు లాప్‌టాప్ పట్టుకొచ్చిండు, నీ అసొంటి కేసే, నేను చూడంగనే ఫార్మాట్ కొట్టిన, కొత్తగ విండోస్ ఏసిచ్చిన, సారు సంతోషంగ పోయిండు. మూడు రోజులకు ఆయన జీమెయిల్ పోయింది. రికవరీ నంబర్ మార్చేసిన్రు, దాంట్ల పట్టాదారు పాస్‌బుక్కు స్కాన్లు, అమెరికాల ఉన్న బిడ్డ పంపిన పిల్లల ఫోటోలు పన్నెండేండ్లవి ఉండె. ఎందుకు పోయిందంటే నేను ఇల్లు కడిగిన గానీ తాళంచెవి అప్పటికే దొంగ జేబుల ఉన్నది, ఆ చిట్టీని రద్దు చేయించాలన్న ఆలోచన నాకు రాలేదు. ఫార్మాట్ కొడితే మన దగ్గర ఉన్న కుకీ పోతది, వాని దగ్గర ఉన్న కాపీ పోదు. ఆ సారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ మనసుల గుచ్చుతది.

కాబట్టి ముందు అకౌంట్లు, తర్వాత లాప్‌టాప్. నీ ఫోన్ల నుంచి చెయ్యి, ఫోన్‌ల ప్లే స్టోర్ బయట నుంచి ఏ మోడ్ యాప్‌లు ఏపీకే ఫైళ్లు ఎక్కించలేదంటేనే, ఎక్కించి ఉంటే నమ్మకమున్న ఇంకొకరి ఫోన్ తీసుకో. అన్నిట్ల మొదట జీమెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ వచ్చేది దానికే. పాస్‌వర్డ్ మార్చు, తర్వాత గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీల ‘యువర్ డివైసెస్’ అని ఉంటది, దాంట్ల తెలిసినయి తెలియనియి అన్నిట్ల నుంచి సైన్ అవుట్ చెయ్యి, ఆ చిట్టీలు రద్దయ్యేది అక్కడనే. రికవరీ ఫోన్ నంబర్, రికవరీ మెయిల్ నీవేనా చూడు. జీమెయిల్ సెట్టింగ్స్‌ల ఫార్వర్డింగ్, ఫిల్టర్లు గూడ చూడు, ఇది చాలా మంది మర్చిపోతరు, దొంగ ఒక ఫిల్టర్ పెట్టి బ్యాంకు మెయిళ్లు నీకు కనపడకుండ చేసి తనకు పంపించుకుంటడు, నువ్వు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అట్లనే ఉంటది. ఆ తర్వాత ఇన్‌స్టా, లోపలికి పోనిస్తే అకౌంట్స్ సెంటర్‌ల ఎక్కడెక్కడ లాగిన్ ఉన్నదో చూసి అన్నీ తీసెయ్యి, పోనియ్యకపోతే ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అని కొడితే రికవరీ పేజీ వస్తది, చెల్లెతోనే చేయించు, కొన్నిసార్లు సెల్ఫీ వీడియో అడుగుతది. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ చూసి అన్నిట్ల నుంచి లాగవుట్ కొట్టు. నాయిన నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పోర్టల్, ఎరువుల కంపెనీల డీలర్ లాగిన్లు, బ్రౌజర్‌ల ఎన్ని సేవ్ అయి ఉన్నయో అన్నీ పోయినట్టే లెక్క కట్టుకొని మార్చుకుంట పో, ఒకటి వదిలిపెట్టినా ఆ ఒకటే తంటా తెస్తది. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ ఉంటే పని ఉన్నప్పుడే గుచ్చాలె, పని కాంగనే పీకి బీరువల పెట్టాలె. బ్యాంకు నుంచి రూపాయి పోయినట్టు కనపడినా ఇంట్ల మాట్లాడుకుంట కూసోకుండ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యిన్రి, ఎంత జల్ది చేస్తే ఆ పైసలు వాడు విత్‌డ్రా కొట్టకముందే ఆపే అవకాశం అంత ఉంటది, ఆనంక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల కంప్లయింట్ నమోదు చేసి నంబర్ రాసిపెట్టుకోండి.

ఇప్పుడు లాప్‌టాప్. నీ కేసుల నేనయితే స్కాన్‌తోని సరిపెట్టుకోను, పూర్తిగ తుడిచి కొత్తగ విండోస్ ఏసుకోవాలె. కాపీ తీసుకునేది ఫోటోలు, డాక్యుమెంట్లు, నాయిన అకౌంట్ల డేటా, అంతే. సెటప్ ఫైళ్లు, క్రాక్ ఫోల్డర్లు, బ్రౌజర్ ఫోల్డర్ ఒక్కటి గూడ వెంట తేవొద్దు. వేరే మంచి కంప్యూటర్‌ల మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ లేదా అంతకు పెద్ద పెన్‌డ్రైవ్ ఖాళీది పెట్టి, దాంట్ల విండోస్ తయారు చేసుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత పార్టిషన్లన్నీ, అంటే సి, డి అని హార్డ్ డిస్క్‌ని విడగొట్టిన భాగాలన్నీ, డిలీట్ కొట్టాలె, ‘కీప్ మై ఫైల్స్’ అనే రీసెట్ ఇక్కడ పనికిరాదు. సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి డి డ్రైవ్‌ల క్రాక్ ఫోల్డర్ అట్లనే ఉంచుతరు మనోళ్లు, రెండు రోజులకు మళ్ల అదే ఫైలు మీద డబుల్ క్లిక్ కొడతరు, మళ్ల మొదటికే వస్తది.

సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నం, ఒరిజినల్ విండోస్ కాదేమో అని భయపడ్డవు. ఒకసారి సెట్టింగ్స్‌ల యాక్టివేషన్ పేజీ తెరిచి చూడు, ‘యువర్ ఆర్గనైజేషన్స్ యాక్టివేషన్ సర్వీస్’ తోని యాక్టివేట్ అయినట్టు రాసి ఉంటే, ఇంట్ల వాడే లాప్‌టాప్‌కి ఆ మాట రావొద్దు, ఎవరో యాక్టివేటర్, అంటే కొనకుండనే విండోస్‌ని ఒరిజినల్ లెక్క చూపించే క్రాక్, నడిపిన్రని అర్థం. ఈ యాక్టివేటర్ల పేరు మీదనే స్టీలర్లు పంచుతరు, కేఎంఎస్‌పికో అనే యాక్టివేటర్ పేరుతోని క్రిప్ట్‌బాట్ అనే స్టీలర్ ఎక్కించిన సంగతి 2021ల బయటపడ్డది. మన దిక్కు అమ్మే సెకండ్ హ్యాండ్ లాప్‌టాపులు చాలా మటుకు పెద్ద కంపెనీల ఆఫీసుల నుంచి వచ్చినయే, వాటిల్ల విండోస్ కీ మదర్‌బోర్డు బయోస్‌లనే ఉంటది, అదే ఎడిషన్ కొత్తగ ఏసి ఇంటర్నెట్ ఇస్తే తనంతట తనే యాక్టివేట్ అయితది, మరి దాని మీద గూడ క్రాక్ ఎందుకు ఎక్కిస్తరో నాకు అర్థం కాదు, బహుశా ఒకటే పెన్‌డ్రైవ్ అన్నిటికీ వాడుతరు. ఒకవేళ కీ లేకపోతే లైసెన్స్ కొనుక్కో, ఒక్క నెట్ చూసుకోను, సర్టిఫికెట్లు దించుకోను అయితే విండోస్ బదులు లైనక్స్ మింట్ ఏసుకో, ఉచితం, తెలుగు గూడ మంచిగనే వస్తది. విండోస్ 10 అయితే దాని మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోని ఆగిపోయినయి, ఇఎస్‌యూ అనే అప్‌డేట్ల పొడిగింపు స్కీముల పేరు నమోదు చేసుకున్నోళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తయి. నీది ఎనిమిదో జనరేషన్ ఇంటెల్ అన్నవు కాబట్టి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌ని బయోస్ సెట్టింగ్స్‌ల ఆన్ చేసుకుంటే విండోస్ 11 మామూలుగనైతే పడతది.

కొత్త విండోస్ పడ్డంక రెండు అకౌంట్లు చెయ్యి. ఒకటి అడ్మినిస్ట్రేటర్, దానికి పాస్‌వర్డ్ పెట్టి నీ దగ్గర ఉంచుకో. రోజూ వాడేది స్టాండర్డ్ యూజర్. నాయినకు ఒకటి, చెల్లెకు ఒకటి వేరే వేరే చేస్తే ఇంకా మంచిది, ఒకరి దాంట్ల ఏదన్న నడిస్తే ఇంకొకరి పాస్‌వర్డులు అంత సులువుగ దొరకవు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ల వ్యూలకు పోయి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చెయ్యి, ఇది నేను ప్రతి ఒక్కరి లాప్‌టాప్‌ల చేసి పంపిస్త. అది ఆఫ్‌ల ఉంటే ‘ఇన్వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ఫైలు ‘ఇన్వాయిస్.పీడీఎఫ్’ అని కనపడతది, బొమ్మ గూడ పీడీఎఫ్ బొమ్మనే పెడతరు, నాయిన కంపెనీ బిల్లు అనుకొని నొక్కుతడు.

ఇంట్ల ఇంకో కంప్యూటర్ ఉండి, దాని మీద నీకు అనుమానం మాత్రమే ఉంటే, తుడవకముందు చూడాల్సినయి కొన్ని ఉన్నయి. విండోస్ సెక్యూరిటీల ఎక్స్‌క్లూజన్స్ అనే లిస్టు ఉంటది, అంటే డిఫెండర్ ముట్టుకోని ఫోల్డర్లు. అది ఖాళీగ ఉండాలె. దాంట్ల సి డ్రైవ్ మొత్తం రాసి ఉన్న లాప్‌టాపులు నేను చూసిన, డిఫెండర్ ఆన్‌లనే ఉంటది, గ్రీన్ టిక్కు ఉంటది, కానీ దేన్నీ చూడది. ఆ లిస్టు తుడిచి, స్కాన్ ఆప్షన్స్‌ల ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు, రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే చూస్తది, ఓ పావుగంట పడతది. క్రోమ్ మెనూ కింద ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉంటే అది గూడ ఇంటి కంప్యూటర్‌కు మామూలుగ రావొద్దు, ఏదో ఒక యాంటీవైరస్ పెట్టి ఉండొచ్చు, లేదంటే ఏదో ఎక్స్‌టెన్షన్‌ని తీయనీయకుండ పాలసీ పెట్టినట్టు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అనే చిన్న టూల్ ఉన్నది, కంప్యూటర్ ఆన్ కాంగనే నడిచేవన్నీ చూపిస్తది, పబ్లిషర్ పేరు లేని వరుసలు, యాప్‌డేటా ఫోల్డర్ నుంచి నడిచేవి జర జాగ్రత్తగ చూడు, తెలియకుండ అన్నీ తీసెయ్యకు.

ఎక్స్‌టెన్షన్ల సంగతి గూడ చెప్పాలె. 2006, 07ల నేను కొత్తగ పనిల ఉన్నప్పుడు స్పైవేర్ అంటే టూల్‌బార్లు, హోమ్ పేజీ మారిపోవుడు, యాడ్లు, అది కంటికి కనపడేది, జనం పట్టుకొని దుకాణానికి వచ్చేది. ఇప్పుడు కంటికి ఏం కనపడదు. ‘అన్ని వెబ్‌సైట్లల్ల నీ డేటా చదివి మార్చే’ పర్మిషన్ ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ అంటే నువ్వు బ్యాంకు పేజీ తెరిచినప్పుడు పక్కల కూసొని చూసే మనిషి లెక్క. ఈ రోజు మంచిది రేపు చేతులు మారొచ్చు. ది గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడిన ఎక్స్‌టెన్షన్, మొదట తయారుచేసినాయన 2020ల ఇంకొకరికి అమ్మిండు, 2021 ఫిబ్రవరిల గూగుల్ దాంట్ల మాల్వేర్ ఉన్నదని తీసేసింది. కాబట్టి రెండు మూడు కంటే ఎక్కువ పెట్టుకోకు. యాడ్ బ్లాకర్ మాత్రం పెట్టు, ఫైర్‌ఫాక్స్‌ల యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌ల దాని లైట్ వెర్షన్, యాడ్లు ఆపుకునేటందుకు ఒక్కటే కాదు, గూగుల్‌ల వీఎల్‌సీ, ఎనీడెస్క్ అని వెతికితే పైన యాడ్‌గ వచ్చే దొంగ సైట్ల నుంచి చాలా మందికి అంటుకుంటున్నది.

కొత్తగ ఇంకోటి షురూ అయింది, ఇది చెల్లెకు తప్పక చెప్పు. ఏదో సైటు తెరిస్తే ‘నువ్వు రోబో కాదని నిరూపించు’ అని వస్తది, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కు, కంట్రోల్ వి నొక్కు, ఎంటర్ కొట్టు అంటది. పిల్లలు ఫటాఫట్ నొక్కేస్తరు. అప్పటికే ఆ పేజీ ఒక కమాండ్‌ని క్లిప్‌బోర్డుల పెట్టి ఉంటది, నీ చేతితోనే నడిపిస్తది. నిజమైన క్యాప్చా ఎన్నడూ బ్రౌజర్ బయట ఏం నొక్కమనది.

జిరాక్స్ సెంటర్లల్ల పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యే జబ్బు మన దిక్కు ఇంక పోలేదు, ప్రింటుకు పోయేటప్పుడు ఆ ఒక్క ఫైలే ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకపో, వచ్చినంక ఫార్మాట్ చెయ్యి. అక్కడ జీమెయిల్ లాగిన్ కావొద్దు. ఆన్ స్క్రీన్ కీబోర్డుతోని కొడితే ఏం కాదని నువ్వు రాసినవు, చాలా మంది ఇట్లనే నమ్ముతరు, స్క్రీన్‌షాట్లు తీసే స్పైవేర్‌కు, కుకీ ఎత్తుకపోయే స్పైవేర్‌కు అది అడ్డమే కాదు.

ఇంకో మాట, నువ్వు అడగలేదు గానీ ఇది చదివే ఆడబిడ్డల కోసం రాస్తున్న. దూరంగ ఉన్న దొంగ కాకుండ ఇంట్లోళ్లే, భర్తనో, తెలిసినోడో, రిపేరు చేసిచ్చినోడో లాప్‌టాప్‌ల నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టే కేసులు నా దగ్గరికి వచ్చినయి. నువ్వు ఎవరికి మెసేజ్ చేసినవో వాళ్లకు తెలుస్తున్నది, చెప్పకుండనే మాటలు తెలుస్తున్నయి అంటే అనుమానపడాలె. అప్పుడు గాభరాతోని వెంటనే తీసెయ్యకండి, తీసేసిన సంగతి పెట్టినోనికి తెలిసిపోతది, ఆ కోపం ఎవరి మీదికి వస్తదో మీకు తెలుసు, పైగా సాక్ష్యం గూడ పోతది. ఆ లాప్‌టాప్‌ల కాకుండ వేరే ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి, లేకపోతే మీ జిల్లా పోలీసుల షీ టీమ్‌కు చెప్పుకోండి. ఒక ఆడామె ఇంటర్నెట్, మెయిల్ మీద నిఘా పెట్టుడు భారతీయ న్యాయ సంహిత 78 సెక్షన్ కింద స్టాకింగ్ నేరం, భర్త అయితే నడుస్తది అని ఆ సెక్షన్‌ల ఎక్కడా రాసి లేదు. వేరేటోళ్ల కంప్యూటర్‌ల అనుమతి లేకుండ మోసపు ఉద్దేశంతోని చొరబడితే ఐటీ చట్టం 66 సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు గానీ, 5 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నయి.

ఇగ యాంటీవైరస్. విండోస్‌ల వచ్చే డిఫెండర్ సరిపోతది, బంద్ చెయ్యకుండ ఉంటే, వేరే సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపకుండ చూసే టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌ల ఉంటే. రెండో అభిప్రాయం కోసం నెలకోసారి మాల్వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్ నడుపుకో, మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటుల గూడ ఇసొంటి దొంగ సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగ తీసేసే టూల్స్ ఉన్నయి. ఆ కొనే పైసలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు పెట్టు, నాయిన బిల్లులు వారానికోసారి దాంట్లకు కాపీ అయి, ప్లగ్ పీకి పక్కకు పెట్టాలె. పాస్‌వర్డులు దాచుకోను బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడు, బ్రౌజర్‌ల సేవ్ చేసుడు ఆపెయ్యి.

ఫార్మాట్ కొట్టేముందు ఒక్క పని మాత్రం మర్చిపోకు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా డెస్క్‌టాప్ మీద ఉండదు, ఏ ఫోల్డర్‌ల ఉన్నదో నాయినకు లెక్కలు చూసే మనిషిని అడుగు, బ్యాకప్ తీసి హార్డ్ డిస్క్‌ల వేసినంక వేరే కంప్యూటర్‌ల దాన్ని రీస్టోర్ చేసి పోయిన నెల బిల్లు ఒకటి తెరిచి చూడు. ఆ బిల్లు తెరుచుకుంటేనే పార్టిషన్లు డిలీట్ కొట్టు.